పని మార్చుకోవాలా, పేరు మార్చుకోవాలా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ఏడు పేజీలుంది. పేరు బయటపెట్టవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిగతాది క్లుప్తంగా చెబుతున్నాను.

రాసిన అబ్బాయికి 24 ఏళ్లు. ఫిజియోథెరపీ చదివి, ఒక చిన్న రిహాబిలిటేషన్ సెంటర్‌లో 14 నెలలుగా ఉద్యోగం చేస్తున్నాడు. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, ఆడపిల్లగానే పెంచారు. తను అబ్బాయినని పదకొండేళ్లప్పటి నుంచే తెలుసట. దానికి ట్రాన్స్‌జెండర్ అనే పేరుందని, తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది మాత్రం కాలేజీకి వచ్చాకే. ఇంట్లో అక్కకు అంతా తెలుసు. అమ్మ తెలిసీ తెలియనట్టు ఉంటోంది. నాన్నకు ఏమీ తెలియదు. హార్మోన్ చికిత్స గురించి డాక్టరుతో ఒకసారి మాట్లాడాడు, ఇంకా మొదలుపెట్టలేదు.

సెంటర్‌లో అతన్ని లేడీ థెరపిస్టు కింద తీసుకున్నారు. ఆడవాళ్ల సెక్షన్ మొత్తం అతనిదే. పొద్దున్నే రిసెప్షన్‌లో "మేడమ్ వచ్చిందా?" అన్న మాట చెవిన పడగానే ఆ రోజంతా నీరసంగా గడుస్తుందట. మెడలో వేసుకునే ఐడీ కార్డు మీద పొడుగు జడతో ఉన్న ఫోటో, పాత పేరు. "కార్డు తిప్పి వేసుకుంటాను. నడుస్తుంటే అదే మళ్లీ ముందుకు తిరుగుతుంది. మళ్లీ తిప్పుతాను. రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు" అని రాశాడు.

ఆమధ్య ఒక సీనియర్ సెలవు పెడితే ఆరు వారాలు పక్షవాతం పేషెంట్లను చూశాడు. వాళ్లలో కుడి చెయ్యి పడిపోయిన ఒక పెద్దాయనకు ఒకటే కోరిక, తన చొక్కా గుండీ తనే పెట్టుకోవాలని. చిన్న సెంటర్ కాబట్టి వేళ్ల పని కూడా వీళ్లే చేయిస్తారు. ముందు గుడ్డ కుట్టిన చెక్క మీద పెద్ద పెద్ద గుండీలు, తర్వాత కోటు గుండీలు, ఆఖరికి సొంత చొక్కా. ఐదో వారంలో ఆయన ఒక గుండీ పెట్టాడు, పక్క కాజాలో. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన దాన్ని విప్పి మళ్లీ పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. "ఆ పది నిమిషాలూ నేను ఆడా మగా అన్న సంగతే నాకు గుర్తు లేదు" అన్నాడు ఉత్తరంలో.

ఆరు వారాలయ్యాక మళ్లీ ఆడవాళ్ల సెక్షన్‌కే. ఇప్పుడు రెండు సలహాలు వినిపిస్తున్నాయి. స్నేహితుడు మెడికల్ కోడింగ్, అంటే ఆసుపత్రి రికార్డుల్లోని జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పని, నేర్చుకోమంటున్నాడు. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఎవరికీ కనబడక్కర్లేదు. బంధువు ఒకతను జిమ్‌లో ట్రైనర్‌గా రమ్మంటున్నాడు. ఆ డ్రెస్సు, ఆ వాతావరణం ఉంటే అందరూ మగవాడిగానే చూస్తారేమోనని ఇతని ఆశ. రెండూ కాదంటే ఇలాగే నోరు మూసుకుని ఇంకో మూడేళ్లు, చదువు అప్పు తీరేదాకా.

చివర్లో ఇంకో మాట. "ఆడ పేషెంట్లు నన్ను ముట్టుకోనిస్తున్నది నేను ఆడదాన్నన్న నమ్మకంతోనే కదా. నేను వాళ్లను మోసం చేస్తున్నానా?" దాని కింద ఒక విన్నపం: "నన్ను తమ్ముడూ అని పిలవగలరా? మా అక్క తప్ప ఇంతవరకు ఎవరూ అలా పిలవలేదు." ఆ కిందే చిన్న అక్షరాలతో, రెజ్యూమేలో ఏ పేరు రాయాలని.

తమ్ముడూ,

నువ్వు చివర్లో మోసం గురించి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా అన్నిటి అడుగునా అదే ఉందని నాకనిపించింది. నువ్వు ఎవరినీ మోసం చేయడం లేదు. నిన్ను ఆ సెక్షన్‌లో వేసింది మేనేజ్‌మెంట్. పేషెంటుకు నువ్వు బాకీ ఉన్నవి ఏమిటో నీకు చదువులోనే నేర్పి ఉంటారు. ఎక్కడ చెయ్యి వేస్తున్నావో, ఎందుకు వేస్తున్నావో ముందే చెప్పాలి. సరేనా అని అడగాలి. అవసరమైనంత మేరకే బట్ట తీసి, మిగతాది కప్పి ఉంచాలి. వద్దన్న క్షణంలో ఆగాలి. మగ థెరపిస్టులు ఆడ పేషెంట్లను ఇలాగే చూస్తున్నారు, అవసరమైతే పక్కన ఒక మనిషిని ఉంచుకుని. నువ్వు ఇవన్నీ పాటిస్తున్నావని నీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అవి పాటించని మనిషి ఈ ప్రశ్న అడగడు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. "నాకు ఆడమనిషే చెయ్యాలి" అని అడిగే పేషెంటు కోరిక కూడా న్యాయమైనదే. ఆమె కారణాలు ఆమెవి, మనకు చెప్పనక్కర్లేదు. నువ్వు హార్మోన్లు మొదలుపెట్టి, గొంతు మారుతూ, అప్పటికీ ఆ సెక్షన్‌లోనే ఉంటే ఆమెకూ ఇబ్బంది, నీకు అంతకు రెండింతలు. కాబట్టి మిగతావి ఎలా ఉన్నా ఆ సెక్షన్ నుంచి బయటికి రావడం మాత్రం అవసరం. దీని మీద నాకు సందేహం లేదు.

ఇక్కడే నాకొకటి కనిపించింది. సెక్షన్ మారడానికి నువ్వు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. "ఆరు వారాలు పక్షవాతం పేషెంట్లను చూశాను, ఆ పని మీద ఆసక్తి ఉంది, అందులోనే అనుభవం పెంచుకోవాలని ఉంది" అని అడిగితే చాలు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏడు పేజీల్లో ఈ దారి నువ్వు ఎక్కడా రాయలేదు. ఎందుకు తట్టలేదో ఆలోచించాను. నీ మనసులో రెండు ప్రశ్నలు కలిసి ఒకే ముడి పడిపోయాయి. ఏ పని చెయ్యాలి అన్నది ఒకటి. నేనెవరో ఎవరికి, ఎప్పుడు తెలియాలి అన్నది ఇంకొకటి. రెండోదానికి భయపడి మొదటిదానికి జవాబు వెతుకుతున్నావు. పేరు సమస్యకు ఉద్యోగం మార్చి పరిష్కారం చూస్తున్నావు.

ఇది నీ ఒక్కడి పొరపాటేమీ కాదు. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1981లో ఒక సిద్ధాంతం రాసింది. పిల్లలు ఉద్యోగాలను ఎంచుకోవడం కంటే ముందు జాబితాలోంచి కొట్టేయడం మొదలుపెడతారని అందులో చెప్పింది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్యలోనే ఇది మగవాళ్ల పని, ఇది ఆడవాళ్ల పని అని గీత గీసుకుని అవతలివాటిని తీసేస్తారు. తనకు నిజంగా ఏది ఇష్టం అన్న ఆలోచన వచ్చేది పద్నాలుగేళ్ల తర్వాత. అప్పటికి మిగిలిన కొద్దిపాటిలోంచే ఏరుకోవాలి. పెద్దయ్యాక రాజీ పడాల్సి వస్తే ముందుగా వదిలేసేది ఇష్టాన్నేనట. ఆడా మగా అన్న గీతను మాత్రం ఆఖరిదాకా పట్టుకుంటారట. తర్వాత వచ్చిన వాళ్లు ఆ క్రమాన్ని సరిచూశారు, అభ్యంతరాలూ చెప్పారు. కానీ నీ విషయంలో ఇది ఆలోచించదగ్గదే. నీకు ఆ గీతను చిన్నప్పుడే తప్పు చోట గీసి ఇచ్చారు. ఏ పని పక్కన నిలబడ్డా "ఇది ఆడవాళ్ల వైపా, మగవాళ్ల వైపా" అన్న లెక్కే ముందు వస్తోంది. జిమ్ ఆలోచన వచ్చింది అందుకే కదా? మెడికల్ కోడింగ్ వచ్చింది ఆ లెక్కే లేని చోటు వెతుక్కుంటూ.

నీ ఉత్తరాన్ని మళ్లీ ఒకసారి చూశాను. గుండీ పెట్టుకున్న పెద్దాయన గురించి దాదాపు పేజీన్నర రాశావు. గుడ్డ ఏ రంగుదో, ఆయన బొటనవేలు ఎటు వంగేదో కూడా రాశావు. మెడికల్ కోడింగ్ గురించి రెండు వాక్యాలు, రెండూ ఎవరికీ కనబడకపోవడం గురించే. జిమ్ గురించి రాసిందంతా డ్రెస్సు గురించి. "ఈ పని మీద నాకు ప్రేమో భయమో తెలియడం లేదు" అన్నావు. నాకైతే తెలిసింది. నీకు పని మీద ప్రేమ, ఆ సెక్షన్ మీద భయం.

అయినా మెడికల్ కోడింగ్‌ను తోసిపుచ్చను. అది చిన్న పని కాదు. రోగ నిర్ధారణనూ చికిత్సనూ కోడ్‌లుగా మార్చడానికి శరీరం గురించి బాగా తెలిసినవాళ్లు కావాలి, నీకు అది ఉంది. ఇంటి నుంచి చేసే వీలు దొరికితే, గొంతూ ముఖమూ మారే ఆ మధ్య కాలంలో నీకు కావలసిన చాటు దొరుకుతుంది. అప్పు తీరుతుంది. కానీ రెండు సంగతులు తెలుసుకుని వెళ్లు. మన భాషలో "నేను వచ్చాను" అంటే ఆడో మగో తెలియదు. "వచ్చాడు", "వచ్చింది" అన్నప్పుడే తెలుస్తుంది. నీ గురించి నువ్వు చెప్పుకున్నంతసేపు ఏ బాధా లేదు, ఇంకొకరు నీ గురించి చెప్పగానే మొదలవుతుంది. ఇంటి నుంచి చేసే ఉద్యోగంలోనూ ఆ ఇంకొకరు ఉంటారు. టీమ్ కాల్ ఉంటుంది, హెచ్‌ఆర్ ఉంటుంది, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉంటుంది. అక్కడా పాత పేరే అడుగుతారు. పూర్తిగా దాక్కునే ఉద్యోగమంటూ ఏదీ లేదు.

రెండోది, చేతి పని చేతిలో ఉన్నన్నాళ్లే ఉంటుంది. రెండేళ్లు పేషెంటును ముట్టుకోకపోతే ఆ వేళ్లకు తెలిసింది కొంత పోతుంది, రెజ్యూమేలో ఆ ఖాళీకి జవాబూ చెప్పాలి. కాబట్టి అటు వెళ్లేటట్టయితే తిరిగొచ్చే తేదీ ఒకటి వేసుకో. ఏడాదో, ఏడాదిన్నరో. నీ వృత్తి రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకు. వారానికి ఒక పూట ఏదైనా క్లినిక్‌లో పనిచెయ్. అలా చేస్తే అది నీకొక వంతెన అవుతుంది. తేదీ లేకుండా వెళ్తే అక్కడే ఉండిపోయే ప్రమాదముంది. ఉండిపోయినా నేరమేమీ కాదు. ఏడాది తర్వాత ఆ పనే నచ్చిందని నువ్వు అనుకుంటే నేను సంతోషిస్తాను. భయం పోయాక కూడా నచ్చితే అది నిజంగా నచ్చినట్టే.

అక్కడ పనిచేసేటప్పుడు ఒకటి నిన్ను గుచ్చవచ్చు, ముందే చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పాత కూర్పు ఐసీడీ-10లో, నీలాంటి మనుషుల ఉనికినే మానసిక రుగ్మతల అధ్యాయంలో పెట్టారు, ఎఫ్64 అని. కోడింగ్‌లో అది నీ కళ్లబడుతుంది. కొత్త కూర్పు ఐసీడీ-11 దాన్ని అక్కడి నుంచి తీసేసి లైంగిక ఆరోగ్యం అధ్యాయంలోకి మార్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఎవరైనా నీ మానసిక స్థితి మీద సర్టిఫికెట్ తెమ్మంటే ఈ సంగతి గుర్తుంచుకో.

జిమ్ గురించి ఎక్కువ చెప్పను. నువ్వు మగవాడివని ఒప్పించడానికి ఉద్యోగం చెయ్యకు. ఆ ఒప్పించడం ఏ నెలాఖరుకూ పూర్తికాదు. వ్యాయామం నేర్పడం నీకు ఇష్టమైతే అది వేరే సంగతి, కానీ ఉత్తరంలో అలా ఎక్కడా లేదు.

ఇక ఇలాగే మూడేళ్లు ఉండడం. దీన్ని నువ్వు పిరికితనం అన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో. అమెరికాలో 2015లో 27 వేలమందికి పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో ఒక సర్వే చేశారు. అంతకుముందు ఏడాదిలో ఉద్యోగం ఉన్నవాళ్లలో 77 శాతం మంది పనిచోట వేధింపులు తప్పించుకోవడానికి ఏదో ఒకటి చేశామన్నారు. కొందరు దాచారు, కొందరు మార్పును వాయిదా వేసుకున్నారు, కొందరు ఉద్యోగమే మానేశారు. సర్వేలో పాల్గొన్నవాళ్లలో నిరుద్యోగం 15 శాతం, దేశం మొత్తం మీద అప్పుడు 5 శాతం. ఇది చూశాక దాచుకున్నవాళ్లను ఎవరు తప్పుపడతారు? వాళ్లు లెక్క వేసుకుని బతికారు.

ఆఫీసులో చెప్పడం వాయిదా వేసుకో, కానీ హార్మోన్లు మొదలుపెడుతూ వాయిదా వెయ్యడం కుదరదు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ మొదలుపెట్టిన కొన్ని నెలల్లోనే గొంతు మారడం మొదలవుతుంది. గడ్డం నిండడానికి ఏళ్లు పట్టవచ్చు. అంటే ముఖం ఇంకా పాతగా ఉండగానే గొంతు చెప్పేస్తుంది. జలుబు చేసిందని రెండు వారాలు నమ్మించవచ్చు, ఆరు నెలలు నమ్మించలేం. కాబట్టి చికిత్స మొదలుపెట్టే తేదీ, ఆఫీసులో చెప్పే తేదీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసుకో. డాక్టరు దగ్గరికి ఈసారి వెళ్లినప్పుడు ఈ ఉద్యోగం సంగతి కూడా చెప్పు. ఎప్పుడు ఏం మారుతుందో నీ ఒంటిని బట్టి ఆయన ఒక అంచనా ఇవ్వగలడు.

నువ్వు రాయని దారి ఇంకొకటుంది. ఇక్కడ ఎవరికీ చెప్పకుండా మానేసి, కాగితాలు మార్చుకుని, కొత్త పేరుతో ఇంకోచోట చేరడం. లిన్ కాన్వే కథ నీకు తెలుసో లేదో. ఐబీఎంలో కంప్యూటర్ పరిశోధన చేసేది. తను స్త్రీగా మారబోతున్నానని చెప్పినందుకు 1968లో కంపెనీ ఉద్యోగం తీసేసింది. కొత్త పేరుతో, కాంట్రాక్టు ప్రోగ్రామర్‌గా అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అంతకుముందు చేసిన గొప్ప పని ఏదీ తనదని చెప్పుకోలేకపోయింది. 1973కల్లా జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రానికి చేరింది. కార్వర్ మీడ్‌తో కలిసి 1980లో రాసిన చిప్ డిజైన్ పాఠ్యపుస్తకం ఆ రంగాన్నే మార్చేసింది. 1990ల చివరిదాకా తన గతం బయటపెట్టలేదు. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో, 52 ఏళ్ల తర్వాత. 2024లో ఆమె చనిపోయింది.

ఈ కథను నీకు ధైర్యం చెప్పడానికి మాత్రమే చెప్పడం లేదు. ఆ దారికి అయిన ఖర్చు చూడు. మొదటి ఉద్యోగం అనుభవమంతా పోయింది. ముప్పై ఏళ్లు ఎవరైనా గుర్తుపడతారేమోనన్న భయంతో గడిచింది. నువ్వు పోగొట్టుకునేది 14 నెలల అనుభవమే, అది భరించదగ్గదే. కానీ ఆ అనుభవాన్నీ వదులుకోనక్కర్లేకుండా ముందే కొన్ని చేసుకోవచ్చు. మంచిగా ఉన్న రోజుల్లోనే ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకో. ఆ సీనియర్‌తో ఒక సిఫారసు ఉత్తరం రాయించుకో. వాటిని తర్వాత కొత్త పేరుతో మళ్లీ ఇవ్వగలిగేంత స్నేహంగా ఉండు.

ఇంకొకాయన చేసింది దీనికి పూర్తిగా ఎదురు. బెన్ బారెస్ మెదడు మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉండగా 1997లో, తన 43వ ఏట, పురుషుడిగా మారాడు. కెరీర్ ఇక్కడితో అయిపోతుందేమో అనుకుంటూనే అడుగు వేశాడు. సహోద్యోగులకు ఉత్తరం రాశాడు, అదే ల్యాబ్‌లో, అదే పనిలో ఉన్నాడు. ఆ తర్వాత ఒకసారి ఆయన ఉపన్యాసం విన్న ఒక ప్రొఫెసర్, బెన్ పని వాళ్ల చెల్లెలి పనికన్నా ఎంతో బాగుందన్నాడట. ఆ చెల్లెలు మరెవరో కాదు, పాత పేరుతో ఉన్న ఆయనే. పని అదే, చేతులు అవే, పేరు మారేసరికి విలువ పెరిగింది. ఆ సంగతిని ఆయన 2006లో నేచర్ పత్రికలో రాసి, సైన్సులో ఆడవాళ్లను ఎలా తక్కువగా చూస్తున్నారో బాహాటంగా వాదించాడు. తను దాటి వచ్చిన జీవితాన్ని ఆయన సిగ్గుపడి పారేయలేదు. ఆడవాళ్ల వైపు నిలబడడానికి దాన్ని వాడుకున్నాడు. ఆడవాళ్ల సెక్షన్‌లో నువ్వు గడిపిన ఈ 14 నెలలు కూడా నీకు అలా పనికొస్తాయి. ఆడ పేషెంటు ఏం చెప్పుకోలేకపోతుందో తెలిసిన మగ థెరపిస్టులు ఎంతమంది ఉంటారు?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బారెస్ అప్పటికే పెద్ద యూనివర్సిటీలో స్థిరపడ్డవాడు. నువ్వు చిన్న సెంటర్‌లో జూనియర్‌వి, మీద అప్పుంది. ఆయన చేశాడు కాబట్టి నువ్వూ చెయ్యమని అనడం అన్యాయం. అందుకే చెప్పదలచుకుంటే ముందు కొన్ని చూసుకో. మీ సెంటర్‌లో ఇంతకుముందు మిగతావాళ్లకు భిన్నంగా ఉన్న మనిషి ఎవరైనా ఉన్నారా, వాళ్లను ఎలా చూశారు? మతమో కులమో వేరైన మనిషిని, విడాకులు తీసుకున్న మనిషిని, కుంటుతూ నడిచే మనిషిని వెనకాల ఏమంటారు? కాగితం మీద ఎంత గొప్ప రూలున్నా, రేపు నిన్ను ఎలా చూస్తారన్నది ఆ మాటల్లోనే తెలుస్తుంది. రాతలో రూలు ఉంటే ఇంకా మంచిది. అందరికన్నా ముందు ఒక్కరికి చెప్పు. ఆ ఒక్కరు మేనేజరే కానక్కర్లేదు, నీ షిఫ్టులు వేసే మనిషైతే చాలు. మాట్లాడిన తర్వాత "ఈరోజు మనం అనుకున్నది ఇది" అని ఒక చిన్న మెయిల్ పెట్టి ఉంచుకో. అన్నిటికన్నా ముందు, ఆరు నెలల అప్పు వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకో. దానికి ఎనిమిది నెలలు పడితే ఎనిమిది నెలలు ఆగు. ఆ ఆగడంలో పని ఉంది, గమ్యం ఉంది. ఊరికే మూడేళ్లు నోరు మూసుకోవడానికీ దీనికీ చాలా తేడా.

చట్టం గురించి అడిగావు. చట్టం అండగా ఉండవచ్చు, కానీ సమయానికి వస్తుందన్న నమ్మకం లేదు. ఎయిమీ స్టీఫెన్స్ అనే ఆవిడ అమెరికాలో అంత్యక్రియలు చేసే సంస్థలో పనిచేసేది. ఇకనుంచి స్త్రీగా పనికి వస్తానని 2013లో యజమానికి ఉత్తరం ఇచ్చింది. రెండు వారాల్లో ఉద్యోగం పోయింది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఉద్యోగం తీసెయ్యడం చట్టవిరుద్ధమని 2020 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆవిడ ఆ తీర్పుకు నెల ముందే చనిపోయింది. కాగితాల మీద పేరు మార్చుకునే పద్ధతి కూడా ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది. అర్జెంటీనా 2012లోనే కోర్టుకు, డాక్టరు సర్టిఫికెట్‌కు పని లేకుండా మార్చుకునే చట్టం చేసింది. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తిదేనని భారత సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి, నువ్వున్న చోట ఈరోజు ఏది అమల్లో ఉందో ఒక లాయరును అడిగి తెలుసుకో. ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్నది కూడా అడుగు. ఎక్కువగా గుర్తింపు పత్రం ముందు మారితేనే డిగ్రీ, దాన్ని బట్టి వృత్తి రిజిస్ట్రేషన్, తర్వాత బ్యాంకు మారతాయి. మధ్యలో కొన్నాళ్లు ఒక్కో కాగితం మీద ఒక్కో పేరుంటుంది. ఆ నెలల్లోనే కొత్త ఉద్యోగానికి అప్లై చేస్తే చిక్కులు ఎక్కువ. ఇది చాలామంది చేరిన తర్వాతే తెలుసుకుంటారు.

అమ్మ విషయం నువ్వు రెండు లైన్లలోనే తేల్చేశావు. నేనూ లోతుకు వెళ్లను. నీ షర్టులు ఆవిడే ఇస్త్రీ చేసి, ఆడపిల్లల బట్టల బీరువాలో కాకుండా విడిగా ఒక అరలో పెడుతోందని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆవిడకు నువ్వనుకున్నదానికన్నా ఎక్కువే తెలుసేమో. అక్కను అడుగు.

ఇవన్నీ చూసి నా మనసు ఎటు మొగ్గుతుందో కూడా చెబుతాను, దాచడం ఎందుకు. ముందు సెక్షన్ మారమని అడుగు. ఇస్తే నీ రోజులో సగం బరువు దిగుతుంది, మిగతావి తొందర లేకుండా ఆలోచించుకోవచ్చు. ఇవ్వకపోతే ఆ సెంటర్ గురించి నీకొక సంగతి తెలుస్తుంది, అప్పుడు పక్షవాతం పేషెంట్లను చూసే ఇంకోచోటు వెతుక్కో. మెడికల్ కోడింగ్ మూడో మాట. కానీ నీ ఇంటి పరిస్థితి, నీ ఓపిక నాకన్నా నీకే తెలుసు. పొద్దున లేచి ఆ గేటు దాటడమే కష్టమైపోతుంటే, నిద్ర పట్టకపోతుంటే, నా వరస పక్కన పెట్టి ముందు నువ్వు బయటపడే దారి చూసుకో. బతకాలన్న కోరికే సన్నగిల్లుతున్నట్టు అనిపిస్తే ఆ రోజే అక్కకు చెప్పు, డాక్టరు దగ్గరికి వెళ్లు. ఉద్యోగం మాట తర్వాత.

ఇక రెజ్యూమే. పైన పెద్ద అక్షరాలతో నీ పేరు రాయి, నువ్వు పెట్టుకున్నదే. రెజ్యూమే ప్రమాణపత్రం కాదు, మనుషులు నిన్ను ఏమని పిలవాలో చెప్పే కాగితం. కాగితాల్లో ఉన్న పేరు అడిగే ఫారం ఒకటి వేరుగా వస్తుంది, సాధారణంగా ఆఫర్ ఇచ్చేటప్పుడు. అక్కడ పాత పేరే రాయి, రాసి "సర్టిఫికెట్ల మీద ఈ పేరుంది, మారుస్తున్నాను" అని ఒక్క ముక్క చెప్పు. కారణం వివరించాల్సిన పని లేదు. పేరు చూసి ఆడో మగో పట్టేస్తారని భయమైతే ఇంటిపేరుతో పాటు మొదటి అక్షరం ఒక్కటే పెట్టుకోవచ్చు. చాలామంది అలాగే రాస్తారు, ఎవరూ వింతగా చూడరు. అనుభవం దగ్గర "లేడీ థెరపిస్టు" అన్న మాట తీసెయ్. అక్కడ ఇలా రాయి: పక్షవాతం తర్వాత చేతి వేళ్ల కదలిక మీద ఆరు వారాల పని, కుడి చెయ్యి పడిపోయిన పేషెంటు తన చొక్కా గుండీ తనే పెట్టుకునేదాకా.